కడగని జాడీ

నేను ఇంతకు ముందు ఏమీ రాసిందాన్ని కాదు. అయిదో తరగతితోనే నా చదువు అయిపోయింది. దేవకమ్మ సంగతి మా బంగారుపాళ్యంలో ఒక్కొక్కరి నోట ఒక్కో రకంగా మారిపోతా ఉంటే, కాగితం మీద కూడా ఒకటి ఉండనీ అని రాస్తున్నాను.

దేవకమ్మ తెల్లారి లేచి, వాకిట్లో నీళ్ళు చల్లి, సద్ది కట్టుకుని మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. కాయలు కోసే ఆడోళ్ళంతా గలగలా మాట్లాడుతుంటే తలొంచుకుని నవ్వేది, అంతే. నలుగురిలో నోరు పెగిలేది కాదు. ఇంటికొచ్చినాక మాత్రం పింగాణీ జాడీ మూత తీసి, దాంట్లోకి వంగి, దినమంతా దాచుకున్న మాటలు చెప్పుకుని మూత పెట్టేది.

ఆ జాడీకి జత చిత్తూరులో ఆమె అక్క చంద్రకాంతమ్మ ఇంట్లో ఉంది. రెండూ ఒకే బట్టీలో ఒకేరోజు కాలినవి. ఒకదాంట్లో చెప్పింది రెండోదాంట్లో కూడా చేరుతుంది. మూత తీసి పక్కకు వంచితే చెప్పినవాళ్ళ గొంతుతోనే, చెప్పిన వరసలోనే, ఎంత వంచితే అంత గబగబా బయటికొస్తుంది. కడిగితే ఆ జాడీలోది పోతుంది. చంద్రకాంతమ్మ తన జాడీని అటక మీద నుంచి దించిందే లేదు. ఆ ధైర్యంతోనే దేవకమ్మ నోటికొచ్చినవన్నీ చెప్పేది.

ఫ్యాక్టరీలో కంప్యూటరు చూసే మహిత దేవకమ్మ ఇంట్లోనే అద్దెకుండేది. ఏ డ్రమ్ములో ఏ తోట గుజ్జు ఉందో ఆ కంప్యూటర్లోనే ఉండేది. అది చూపిస్తేనే పైదేశంవాళ్ళు సరుకు ఎత్తుతారు. ఇది చెడిపోతే ఎట్లా అని మహిత బతిమాలి బతిమాలి ఓనరు రఘునాథ్ చేత ఇంకోటి కొనిపించింది.

"ఈ రెండోది చిత్తూరు ఆఫీసులో పెడదాం సార్."

"వద్దు. నా కండ్ల ముందరే ఉండనీమ్మా" అని ఆయన దాన్ని మొదటిదాని పక్కనే పెట్టించాడు.

మహితకు మనసొప్పలేదు. రోజూ సాయంత్రం ఆ దినం ఎక్కించిందంతా దేవకమ్మ జాడీలోకి చదివేది.

ఆయుధపూజ వచ్చింది. మేనేజరు పరంధామయ్య రెండు కంప్యూటర్లకూ బొట్లు పెట్టి, దండలేసి, ఒకదానికి తక్కువ చేస్తే బాగుండదని రెండింటి నెత్తినా చెరొక కొబ్బరికాయ కొట్టాడు. హారతి వేళ తెరలు కళగా వెలగాలని కరెంటు కూడా ఆపలేదు. నీళ్ళు సందుల్లోకి దిగాయి. సుయ్యిమని పొగ లేచింది.

"ఎంత మహిమో సూడండబ్బా!" అని పరంధామయ్య పొగకు దండం పెట్టాడు.

రఘునాథ్ ముఖం మాడిపోయింది. "ఎల్లుండి కొనేవాళ్ళు వస్తా ఉండారు. వాళ్ళకేం సూపించేది? రెండు కొంటే రెండూ పాయె. ఇంక కంప్యూటర్లూ వద్దు, నువ్వూ వద్దమ్మా."

మహిత దేవకమ్మను వెంటేసుకుని ఇంటికి పరిగెత్తింది. జాడీ పెరట్లో బోర్లించి ఉంది, ఎండకు తళతళా మెరుస్తా. పండగని దేవకమ్మ తెల్లారే చింతపండేసి తోమింది.

"అయ్యో, నా చేతులారా కడిగితినే!" అని దేవకమ్మ కూలబడింది. అంతలోనే తలెత్తింది. "అక్క కడిగుండదు."

"ఎట్ల చెప్తావత్తా?"

"పెండ్లయినప్పటి నుంచీ ఆయమ్మ అటక దులిపింది లేదు." అని, గొంతు తగ్గించింది. "కానీ ముందర నా మాటలొస్తాయి మహితా. ఏండ్ల మాటలు. అందరి ముందరా."

మహిత కండ్లు తుడుచుకుంది. ఆ పిల్లను చూసి దేవకమ్మ చిత్తూరు పోను చెప్పులేసుకుంది.

మధ్యాన్నానికి జాడీ వచ్చింది. బూజు కూడా దులపలేదు. "నా జాడీ నేనే పట్టుకుంటా" అని చంద్రకాంతమ్మ కూడా బస్సెక్కి వచ్చింది. రఘునాథ్ తిరుపతి నుంచి ఒక కంప్యూటరు అడిగి తెప్పించాడు. ఫ్యాక్టరీ అంతా చుట్టూ చేరింది. దేవకమ్మ కండ్లు గట్టిగా మూసుకుని తనే జాడీ వంచింది.

"మా అక్క పులుసు ఉత్త నీళ్ళు" అంది జాడీ.

"ఏమే!" అంది చంద్రకాంతమ్మ.

"రఘునాథ్ సారు తెల్లచొక్కా ఏసుకుని నడస్తా ఉంటే అచ్చం బాతు మాదిరి ఉండాడు."

అందరూ రఘునాథ్ వైపు తిరిగారు. రఘునాథ్ తన తెల్లచొక్కా వైపు చూసుకుని పకపకా నవ్వేశాడు. ఇంక ఫ్యాక్టరీ అంతా కడుపులు పట్టుకుంది. దేవకమ్మ జాడీ ఇంకా వంచితే మిగతా మాటలు గబగబా దొర్లిపోయి, ఆ నవ్వుల్లోనే మహిత గొంతు మొదలైంది: "ఒకటో డ్రమ్ము, ఆదిమూలం తోట, బెంగళూరా కాయ..." మహిత గబగబా కంప్యూటర్లో కొట్టింది. పొద్దుగూకే లోపల అంతా ఎక్కింది, ఒక సీడీలో కూడా.

"మళ్ళీ రెండు కొందాం, రెండోది చిత్తూరు ఆఫీసులోనే పెడదాం. నువ్వు ఈడే ఉండాలమ్మా" అని రఘునాథ్ మహితతో అన్నాడు. "వారం వారం సీడీ ఆడికి చేర్చను ఒక మనిషి కావాల. దేవకమ్మ పోతాది. బస్సు చార్జీ ఫ్యాక్టరీది. బాతు చెప్తా ఉండాడు, కాదనకూడదు."

మర్నాడు తెల్లారి అక్కచెల్లెళ్ళు చిత్తూరు బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. అక్క ఒళ్ళో జాడీ, చెల్లెలి ఒళ్ళో సీడీ.

"ఏమే, నాతో అయినా మాట్లాడవా? జాడీ మూత తీసేదా?" అంది చంద్రకాంతమ్మ.

"మూత ఉండనీ అక్కా" అంది దేవకమ్మ. చిత్తూరు దాకా గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. మొదలు పెట్టింది పులుసుతోనే.