దురుగమ్మ నూరిన పొడి

"కూరలో ఉప్పెక్కువైంది. ఈ మధ్య నీ ధ్యాస ఎక్కడుంటోందో!" అన్నాడు వెంకటప్పయ్య, కంచం పక్కకి జరుపుతూ.

మాణిక్యం మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది. తన ధ్యాస ఎక్కడుందో ఆమెకు తెలుసు. దురుగమ్మ దగ్గరుంది.

యశ్వంతనగర్ గని కంపెనీ లాబరేటరీలో వెంకటప్పయ్య పెద్ద కెమిస్టు, ఆయన భార్య మాణిక్యం అసిస్టెంటు. ఇంటిపని ముగించుకుని వెళ్లి, అక్కడి కూలిమనిషి దురుగమ్మ నూరి జల్లించిన ఇనుపరాయి పొడిని యాసిడ్‌లో కరిగించి, బ్యూరెట్ గాజుగొట్టంలోంచి మందు చుక్కచుక్కగా వదులుతూ, ఆకుపచ్చ రంగు ఊదాగా తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపేది. పట్టిన మందును బట్టి రాయిలో ఇనుమెంతో లెక్క తేలేది. "మా ఆవిడకి కాలక్షేపం" అనేవాడాయన నలుగురిలో.

అరవై నాలుగులో బొంబాయి యంత్రాల కంపెనీతో కలిసి, ఆ చుక్కను తనంతట తానే ఆపే మిషను పెట్టారు. నెల్లాళ్లు చేతి లెక్కా మిషను లెక్కా పక్కపక్కనే రాయాలి. మిషను ప్రతిసారీ ఇనుము తక్కువే చూపించింది. ఆ మిషను పరీక్షలో గట్టెక్కితేనే వెంకటప్పయ్యకు హోస్పేటలో మేనేజరు పదవి.

"మిషనుకిచ్చిన పొడి బరకగా ఉంది, సరిగ్గా కరగలేదని రాసి సంతకం పెట్టు. ఆ దురుగమ్మకేం, ఇంకోచోట బతుకుతుంది" అన్నాడు.

మాణిక్యం రాసింది. భయపడి కూడా కాదు. ఇంట్లో రోజూ సరేననే నోరు అక్కడా సరేనంది, అంతే. మర్నాడే దురుగమ్మను పనిలోంచి తీసేశారు. కూరల్లో ఉప్పు తప్పడం అప్పట్నుంచే.

వారం తర్వాత దురుగమ్మ పెరటి గుమ్మంలో నిలబడింది. తిట్టడానికొచ్చిందనుకుంది మాణిక్యం.

"పని కావాలని రాలేదమ్మా. నా కండ్లు మసకబారినాయని మా ఇంట్లో అంటాండారు. పొడి అంత దొడ్డుగా ఉండిందా? మీరు చెప్తే నమ్ముతా."

"నేనే మీ ఇంటికొచ్చి చెప్తాను, వెళ్లు" అంది మాణిక్యం. ఈ మనిషి తన కళ్లనే అనుమానించుకునేలా చేసింది మాణిక్యమే. ఇన్నేళ్లూ భర్త తనకు చేసిందీ అదే.

ఆ మధ్యాహ్నం భర్త చూస్తుండగానే, మిషను పెట్టడానికొచ్చిన బొంబాయి ఇంజనీరు ముందు, మిషనుకివ్వగా మిగిలిన పొడిని జల్లెడలో పోసి ఆడించింది. ఒక్క పలుకు మిగల్లేదు.

"పొడి మంచిదే. తేడా మిషనులో ఉంది. అబద్ధం రాసింది నేను."

"మాణిక్యం!" అన్నాడు వెంకటప్పయ్య.

"అయితే ఏ చుక్క దగ్గర ఆగాలో మిషనుకు మీరే చూపించాలి" అన్నాడు ఇంజనీరు. చూపిస్తే ఇక తన చేతితో పనుండదనీ, తన కుర్చీ ఖాళీ అవుతుందనీ ఆమెకు తెలుసు.

"దురుగమ్మను పనిలోకి పిలిపించండి, చూపిస్తాను."

అక్కణ్ణుంచి నేరుగా దురుగమ్మ ఇంటికి నడిచింది. ఇంజనీరు ముందు తేలిగ్గా వచ్చిన మాట ఇక్కడ తేలిక కాలేదు.

"నువ్వు బాగానే నూరావు. బరకని రాసింది నేనే."

దురుగమ్మ కోప్పడలేదు. "ఎందుకమ్మా?" అని అడిగింది.

చెప్పడానికి, మాణిక్యం ఆ గుమ్మంలోనే కూర్చుంది.