పందెంలో పాతిన గెడ

కాలిన వలల కమురు వాసన లంకను ఇంకా వదలలేదు. కొల్లేటి సరస్సు చేపలను సర్కారు వేలం వేసి, తాడేపల్లిగూడెం కంట్రాక్టరు బంగార్రాజుకు అప్పగించింది. తాతలనాటి నీటిలో వల విసరడమే నేరమైంది. వల విసిరిన మగవారిని ఏలూరు జైలుకు తోలి, వలలను గట్టున కుప్పవేసి పోలీసులే నిప్పుపెట్టారు. గంగాభవాని మగడు అబ్బులు ఆ జైలులోనే జ్వరంతో పడి ఉన్నాడని కబురు.

నాటినుంచి ఆమె మనసుకు నిలకడ లేదు. తాటిదోనెను గెడతో తోయడంలో లంకలన్నిటా ఆమెకు సాటి లేదు. అది ఎరిగే తహసీల్దారు ప్రసాదరావు గుమ్మంలోకి వచ్చాడు.

"గవర్నరు దొరవారి ఎదుట ఆడవాళ్లకు దోనెల పందెం. దోనెకు సర్కారు జెండా కట్టుకొని గెలువు. 'ప్రభువుల ఏలుబడిలో లంకలు సుఖంగా ఉన్నాయండి' అని ఒక్క మాట అను. ఆ సాయంత్రానికి నీ మొగుడు ఇంట్లో ఉంటాడు."

"అనకపోతేనండీ?"

"జైలు గోడలకు జాలి ఉండదమ్మా."

ఈ సంగతి తెలిసి ఆ పూటే ఆడవారంతా వలల బూడిద చుట్టూ చేరారు.

"అబ్బులొక్కడే వస్తాడా? నా తమ్ముడి మాటేమిటే?" అని నిలదీసింది యేసమ్మ. ఏటా పందెంలో ఆమే గంగాభవానికి పోటీ.

"నీ మొగుడు ఇంట్లో గురకపెడుతున్నాడు. నీకు నీతులు రాక ఏమొస్తాయి!" అంది గంగాభవాని.

"ఆ గురక నీకే ఇస్తాను, పట్టుకుపో!"

ఏడుపులోనే నవ్వు పుట్టింది. ముసలి వీరరాఘవమ్మ మాత్రం నవ్వలేదు.

"నీ అయ్య మునిగిననాడు నడినీట గెడ పాతింది నేనేనే, అమ్మాయీ. శవం దొరికేదాకా ఒక్క దోనె ఆ గెడను దాటలేదు. పెళ్లివారి దోనె కూడా ఆగింది. అది ఈ నీటి ధర్మం."

పందెంనాడు సర్కారు జెండాతో గంగాభవాని దోనె అందరికన్నా ముందు దూసుకుపోయింది. ఎదుట గెలుపు గీత, ఆవల వేదిక మీద దొర, పక్కనే బంగార్రాజు. ఇంకొక్క తోపుతో గెలుపు, అబ్బులు, ఇల్లు. ఆమె తోపు ఆపింది. మరుక్షణం గెడను నిలువునా ఎత్తి, ఒడలి బలమంతా కూర్చి బురదలో పాతింది.

"ఎవరే మునిగింది?" వెనుకనుంచి యేసమ్మ కేక.

"మనమేనే! మనమందరం!"

యేసమ్మ గెడ పాతింది. ఆమె వెనుక మరొకతె, ఆపైన అందరూ. దూరాన చేపలు మోసుకొస్తున్న కంట్రాక్టరు దోనెలు సైతం ఎండలో ఆగిపోయాయి.

"గీత దాటండి! ఎవరో ఒకరు దాటండి!" తహసీల్దారు గొంతు చించుకున్నాడు.

"దాటకూడదండీ," అంది యేసమ్మ ఎంతో మర్యాదగా. "మావాళ్లు జైలునుంచి తేలేదాకా దాటకూడదండీ."

పోలీసులు దోనెలో వచ్చి గంగాభవాని చేతులకు బేడీలు వేశారు. ఆమె దోనెకున్న జెండా విప్పి జమాదారు చేతిలో పెట్టింది. "తీసుకోండి బాబూ, మీ గుడ్డ తడిసిపోగలదు."

"తోయరా గట్టుకు!" అన్నాడు జమాదారు. పోలీసుల దోనెవాడు కొల్లేటి బిడ్డ. అతడూ గెడ పాతాడు.

ఇక నడుములోతు నీటిలో దిగక తప్పలేదు. గట్టినేల ఎక్కడో, ఊబి ఎక్కడో పోలీసులకు తెలియదు. బేడీలతోనే గంగాభవాని ముందు నడిచింది. ఆమె అడుగు తీసిన చోటే అడుగు వేస్తూ, బూట్లు చేతబట్టుకొని, సర్కారు ఆమె వెంట నడిచింది. వెనుక నీటిలో గెడలన్నీ నిలిచే ఉన్నాయి.