గంటసేపు చూసిన అక్షరం

నేను ఒక అట్టముక్కను. కొత్త చొక్కా మడతలో పెట్టే తెల్ల అట్టను కత్తిరించి, గోవర్ధనరావు మాస్టారు నా ముఖాన ఒక జపాను అక్షరం రాశాడు. ఎడమన మనిషి, కుడిన చెట్టు. చెట్టుకు చేరగిలబడ్డ మనిషి, అంటే విశ్రాంతి. ఆ అర్థం, జపానులో పలికే తీరు నా వీపున తెలుగులో ఉన్నాయి. పిల్లలను అడిగే ముందు ఆయన దొంగచాటుగా నన్ను తిప్పి చూసుకుంటాడు. బెజవాడలో ఆయన జపాను భాష నేర్పే గురువు మరి!

ఆయన దగ్గరికి సలోమి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. జపానులో ముసలివాళ్లకు సేవచేసే ఉద్యోగం కోసం ఏడాదిగా చదువుతోంది. ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే మాస్టారు నన్ను ఆమె ఎదుట నిలబెట్టాడు.

"రెప్ప వెయ్యకుండా గంటసేపు చూడమ్మా. బుర్రలో మేకులా దిగిపోవాలి."

మొదట గడగడా చదివింది. పావుగంటకు నాలోని మనిషి ఒకవైపు, చెట్టు ఒకవైపు అయిపోయారు. తర్వాత ఆమెకు వట్టి ఆరు గీతలే మిగిలాయి.

"సార్, అక్షరం విడిపోతోందండీ. కాసేపు బయటికి చూస్తానండీ."

"దిక్కులు చూడబట్టే నీకు చదువు రావట్లేదు. కూర్చో!"

నోరుంటే అప్పుడే కడిగిపారేసేదాన్ని.

గంట కాగానే ఇంటర్వ్యూ చెయ్యడానికి జపాను నుంచి అక్కడికే వచ్చిన అమ్మగారు బల్లమీది కార్డుల్లోంచి నన్నే ఎత్తి చూపించింది. సలోమి పెదవులు కదిలాయి, మాట రాలేదు. జాబితాలో సలోమి పేరు కొట్టేశారు. మళ్లీ అవకాశం ఆరు నెలలకట!

సలోమి వరండాలోకి పోయి మంచినీళ్లు తాగింది, రోడ్డు మీది బస్సులను చూసింది. సంచీ కోసం లోపలికి వచ్చి, నామీద కన్ను పడగానే "విశ్రాంతి!" అని అరిచింది.

"ఇప్పుడెందుకు? నా పరువు తీశావు కదా!" అన్నాడు మాస్టారు.

సలోమి నన్ను ఆయన ముఖం ముందు పెట్టింది. "దీన్ని జపానులో ఎలా పలకాలో మీరు చదవండి సార్."

అలవాటు కొద్దీ ఆయన చెయ్యి నా వీపు వైపు వచ్చింది. ఆమె అరచేత్తో మూసేసింది. ఆయన దిక్కులు చూశాడు.

ఇప్పుడు ఆమె సంచీలో ఉన్నాను. రోజుకోసారి తీస్తుంది, చదువుతుంది, వెంటనే పెట్టేస్తుంది. ఆరు నెలల్లో నాలుగు గడిచాయి. అక్కడ ఆయన ఇంకో అట్ట కత్తిరించే ఉంటాడు, ఇంకో పిల్లను ఎదుట కూర్చోబెట్టే ఉంటాడు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.