పొర తీయని మౌస్

ట్రాము ఎక్కేటప్పుడు రావియా ముందుగా ఎడమ మోచేతిని తలుపు పక్కనున్న ఇనప కమ్మీకి తగిలించుకుంటుంది. ఆ తరవాత కుడికాలు పైకి లాగుతుంది. వెనకున్నవాళ్ళు ఆగితే నెమ్మదిగా ఎక్కుతుంది, తోస్తే ఇంకా తొందరగా ఎక్కుతుంది. ఇవాళ వాన కాబట్టి తోశారు. సముద్రం వైపు కిటికీలన్నీ ఉప్పు పట్టి మసకబారి ఉన్నాయి. ఒక ముసలమ్మ ఎవరినో లేపి ఆమెను కూర్చోబెట్టి, ట్రామంతా వినేలా "దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ" అంది. ఇలాంటి దీవెనలు రావియాకు రోజూ పూటకు రెండు అందుతాయి. వాటితో ఏం చేసుకోవాలో నలభై మూడేళ్ళొచ్చినా ఆమెకు తెలియలేదు.

పుట్టినప్పుడు ఊపిరి అందడం కాస్త ఆలస్యమైంది, అంతే జరిగింది. కుడిచెయ్యి పిడికిలిలా ముడుచుకుని మణికట్టు దగ్గర లోపలికి తిరిగిపోయింది. ఎడమచెయ్యి తెరుచుకుంటుంది గానీ చెప్పిన మాట వినదు. గ్లాసు కోసం చాపితే పక్కవాళ్ళ భుజానికి తగులుతుంది. మాట కూడా ఒక్కో ముక్కా దవడతో నెట్టి బయటికి పంపాలి. బుర్ర మాత్రం చురుకు. ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్ళు తక్కువ.

ఆమె పనిచేసేది సీదీ గాబర్ స్టేషన్ దగ్గర, టైల్సూ వాష్‌బేసిన్లూ టోకున అమ్మే కంపెనీలో. పనిచేసేది అనడం మర్యాదకే. ఇంతమంది ఉద్యోగులుంటే వాళ్ళలో ఒక వికలాంగుడు ఉండాలని చట్టం ఉంది కాబట్టి రెండేళ్ళ కిందట ఆమెను తీసుకున్నారు. చేరిన రోజే మేనేజర్ మమ్దూహ్ సార్ నవ్వుతూ చెప్పాడు, "ఇంట్లో ఉండమ్మా, నీ పేరు మా దగ్గరుంటే చాలు" అని. అలా తీసుకున్నవాళ్ళంతా చేసేది అదే. రావియా మాత్రం మర్నాడు ఆఫీసు తెరవకముందే వచ్చి గుమ్మంలో నిలబడింది. వెళ్ళగొట్టడానికి మొహం చెల్లక తలుపు పక్కన ఒక బల్ల వేసి, దానిమీద ఒక కంప్యూటరు పెట్టారు.

ఇంట్లో ఉండడమంటే ఏమిటో మమ్దూహ్‌కి ఏం తెలుసు. తమ్ముడి ఫ్లాటులో సోఫా మూల ఆమెది. పొద్దున్నే మరదలు టీవీ పెట్టేసి వంటింట్లోకి పోతుంది. రిమోట్ పాడవకుండా ప్లాస్టిక్ కవరులో బిగించి చుట్టి ఉంటుంది, ఆ కవరు మీంచి మీట నొక్కడం రావియా వల్ల కాదు. ఏది పెట్టి వెళితే అదే సాయంత్రం దాకా. వంటలైతే వంటలు, ఏడుపులైతే ఏడుపులు. ఆ సోఫా మూలకు తిరిగి వెళ్ళకుండా ఉండడానికే ఆమె రోజూ ఆ కమ్మీకి మోచెయ్యి తగిలిస్తోంది.

ఆఫీసులో అందరి దగ్గరా ఉండే మామూలు మౌసే ఆమె బల్లమీదా ఉంది. ఆమె ముట్టుకుంటే తెరమీద బాణం ఈగలా ఎగురుతుంది. అందుకని ముట్టుకోదు. నమాజు వేళ ఆడవాళ్ళు హ్యాండ్‌బ్యాగులు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి పోతారు, "రావియా ఉందిగా" అంటూ. ఆఫీసులో ఆమె చేసే పని అదొక్కటే.

ఆమెకు పనికొచ్చే మౌస్ కంపెనీలో లేక కాదు. మేనేజర్ గదిలో అద్దాల బీరువాలో, అమ్మకాల్లో గెలిచిన కప్పుకూ బంగారు రంగు కుళాయి నమూనాకూ మధ్య కూర్చుని ఉంది. దాన్ని చేత్తో పట్టుకోనక్కర్లేదు. కదలకుండా బల్లమీద ఉంటుంది, నడిమధ్య దానిమ్మకాయంత ఎర్రటి బంతి, రెండు పక్కలా వెడల్పాటి మీటలు. బంతిని మణికట్టుతో దొర్లిస్తే చాలు. చెయ్యి వణికినా బాణం వణకదు. పూర్వం ఒక వికలాంగుల సంఘంలో అలాంటిది ఒక్కటుంటే వంతులు వేసుకుని వాడేవాళ్ళు. తెరమీద అక్షరాల పలక తెచ్చుకుని, ఒక్కో అక్షరం నొక్కుతూ బిల్లులు రాయడం రావియా అక్కడే నేర్చుకుంది. ఆమె చేరిన కొత్తలో, ఆ చట్టం పాటిస్తున్నారా అని చూసే సర్కారు తనిఖీకి చూపించడానికి కంపెనీ అలాంటిదే ఒకటి కొన్నది. చూపించింది. తాళం వేసింది.

నిన్న సాయంత్రం మమ్దూహ్ ఆమె బల్ల దగ్గర ఆగాడు. "రేపు తనిఖీ. శుభ్రంగా తయారై రా. అంతా సవ్యంగా జరిగిందా, ఆ మౌస్ ఇక నీ బల్లమీదే."

రాత్రంతా ఆమెకు నిద్ర పట్టలేదు. పొద్దున్న మరదలి చేత నీలం స్కార్ఫు కట్టించుకుంది. "పెళ్ళిచూపులా ఏమిటి వదినా?" అని మరదలు అడిగింది. అంతకంటే పెద్దది అని చెబుదామనుకుంది గానీ, ఆ మాట పూర్తయ్యేలోపు ట్రాము వెళ్ళిపోతుందని ఊరుకుంది.

మమ్దూహ్ స్వయంగా మౌస్‌ను మోసుకొచ్చి బల్లమీద పెట్టి తీగ తగిలించాడు. దానిమీద కొన్నప్పటి పొర ఇంకా అలాగే ఉంది. పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్, బంతి చుట్టూ మాత్రం కోసి ఉంది. "పొర చింపకు. కొత్తది" అన్నాడు.

రావియా ఎడమ మణికట్టు బంతిమీద ఆనించింది. మొదట బాణం ఆగి ఆగి కదిలింది, ఆ తరవాత దారిలో పడింది. పాత బిల్లుల కట్ట ఒకటి ముందు పెట్టారు. కొన్నవాడి పేరు, టైల్ రకం, పెట్టెలు, ధర. ఒక్కో అక్షరానికీ పొర కింద మీట చిటచిటమంది. మొదటి బిల్లు అయ్యేసరికి ఆమె మెడ నిండా చెమట. రెండోది అయ్యేసరికి ఆమెకు ఆకలి గుర్తు లేదు. ఆ చెయ్యి ఎవరికీ తగలకుండా, దేన్నీ పగలగొట్టకుండా, అనుకున్న చోటికి వెళ్ళి ఆగుతోంది. ఇంత సంతోషం ఆమెకు ఈ మధ్య ఎప్పుడూ లేదు.

లెక్కలు చూసే నెస్రీన్ వెనక నిలబడి చూసింది. "ఏయ్, ఇది నిజంగానే చేస్తోందే" అని గది మొత్తానికి చెప్పింది. "రేపణ్ణించి నా బిల్లులు కూడా నీకే పడేస్తా. నేను సినిమాకి పోతా."

"పడెయ్" అంది రావియా. అందరూ నవ్వారు. ఆమె నిజంగానే అంది.

టీ ఇచ్చే మెత్వల్లి బాబాయ్ ఆమె గ్లాసులో స్ట్రా వేసి తెచ్చాడు. "చల్లారుతుంది తల్లీ, తాగు" అన్నాడు. చల్లారిపోయింది. ఆమె తాగలేదు.

తనిఖీ అధికారి మధ్యాహ్నం నమాజు తరవాత వచ్చాడు. తడిసిన కోటు, అలసిన మొహం, ముందే రెండు చోట్ల మర్యాదలు అందుకున్న పొట్ట. మమ్దూహ్ గదిలో బస్‌బూసా మిఠాయి తిని, చేతులు తుడుచుకుంటూ రావియా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె ఒక బిల్లు చేసి చూపించింది. అతను వంగి చూశాడు. చూస్తూ చూస్తూ మౌస్ మీది పొరను వేలితో గీకాడు.

"ఇది రోజూ వాడుతుందా?"

"రోజూ సార్, దాన్ని వదిలితేగా" అన్నాడు మమ్దూహ్.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

రెండేళ్ళలో ఆమె మాట కోసం ఆగిన మొదటి మనిషి ఇతనే. ఉన్నది చెబితే ఏమవుతుందో రావియా ఆలోచించింది. కంపెనీకి చివాట్లు పడతాయి, మమ్దూహ్‌కి కోపం వస్తుంది, మౌస్ బీరువాలోకి పోతుంది. లేనిది చెబితే రేపు పొద్దున్న బల్లమీద ఎర్రబంతి ఉంటుంది. మమ్దూహ్ ఆమెకేసి చూసి నవ్వాడు. నిన్న మాటిచ్చినప్పటి నవ్వే అది.

"రో...జూ" అంది రావియా. "రోజూ. వాడతాను."

"మాషా అల్లా. పొర కూడా చెక్కుచెదరకుండా ఎంత పదిలంగా వాడుతోందో" అన్నాడు అధికారి. అది వెటకారమో మెప్పో అతనికే తెలియాలి. అక్కడే బల్లమీద కాగితం పెట్టి సంతకం చేశాడు. వెళుతూ వెళుతూ ఆమె తలమీద చెయ్యి వేశాడు, చిన్నపిల్లకు వేసినట్టు.

లిఫ్టు తలుపు మూసుకున్నాక అందరూ చప్పట్లు కొట్టారు. మమ్దూహ్ మిగిలిన బస్‌బూసా పంచిపెట్టించాడు. రావియా తినలేదు, ఇంకో బిల్లు మొదలుపెట్టింది. దమన్‌హూర్‌లో ఎవరికో లేత ఆకుపచ్చ టైల్స్. పేరు రాసింది, రకం రాసింది. పెట్టెల దగ్గరికొచ్చేసరికి బాణం ఆగిపోయింది. చూస్తే మమ్దూహ్ తీగ లాగి చుట్టుకుంటున్నాడు.

"సార్, నా బల్లమీదే అన్నారు."

"అన్నానమ్మా. ఇంత ఖరీదైన వస్తువు, రోజూ వాడితే ఏమవుతుంది చెప్పు. పాడైతే వచ్చేసారి ఏం చూపిస్తాం?" అతని గొంతులో కోపం లేదు, మంచి రోజున ఉండే మెత్తదనం ఉంది. "ఇంకో మాట. ఇక రెండేళ్ళు మన జోలికి ఎవరూ రారు. ఈ వానల్లో ట్రాములెక్కి నువ్వెందుకు అవస్థపడడం? రేపణ్ణించి ఇంట్లో హాయిగా ఉండు. నీ పేరెక్కడికీ పోదు."

"నేను... పని చేశాను."

"చేశావు. అందుకేగా గండం గడిచింది."

"మీకోసం... అబద్ధం చెప్పాను."

"దేవుడు దయామయుడు, క్షమిస్తాడులే" అన్నాడు మమ్దూహ్. ఆమె మాట పూర్తయ్యేదాకా అతను ఆగాడు, ఆ ఒక్క మర్యాదా చేశాడు.

నెస్రీన్ తన స్క్రీన్‌లోకి తల దించేసింది. దమన్‌హూర్ వాడి బిల్లు తెరమీద సగంలో మెరుస్తూనే ఉంది. రావియా ఎడమచేత్తో ఆ మామూలు మౌస్‌ను తాకింది. బాణం గది దాటి పోయేలా ఎగిరింది. ఇక తాకలేదు.

మెత్వల్లి బాబాయ్ ఆమెకు కోటు తొడిగాడు. ముడుచుకున్న చెయ్యి ముందు దూర్చాలని అతనికి తెలుసు. గుండీలు పెడుతూ, "రేపు ఏ వేళకొస్తావమ్మా?" అని అడిగాడు, సంగతి అంతా విని కూడా.

"రేపణ్ణించి... గ్లాసులో స్ట్రా వెయ్యొద్దు, బాబాయ్" అంది.

అతను పై గుండీ కూడా పెట్టి పక్కకు తప్పుకున్నాడు. లిఫ్టు పాడైందని ఎవరో అరిచారు. మెట్లమీద ఆమె అడుగు ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ చాలాసేపు వినిపించింది.

మమ్దూహ్ మౌస్‌ను దీపం కింద తిప్పి చూశాడు. పొర ఒక అంచున కాస్త లేచింది, బొటనవేలితో నొక్కి అతికించాడు. కప్పుకూ కుళాయికీ మధ్య పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. అద్దం వెనక, ఎర్రబంతి పక్కన, ఆ పొర కింద ఆమె మణికట్టు చెమట ఇంకా ఆరలేదు.