ఖాళీ గడులు

లింగమూర్తిని ఎడమ పక్కకు తిప్పి, ఛాతీ ముందు ఒక దిండు పెట్టి, కళ్యాణి కట్టు విప్పింది. మాస్కు వేసుకున్నా వాసన ఆగలేదు. నడుము కింద ఎముక తేలిన చోట మొన్నటిదాకా ఎర్రటి మచ్చగా ఉన్నది ఇప్పుడు అరచేతిలో సగమంత గుంట అయింది. ఆమె దాన్ని సెలైన్‌తో కడిగి, తుడిచి, మందు అద్ది కొత్త కట్టు వేసింది. లింగమూర్తి మూలగలేదు. పక్షవాతం వచ్చి పన్నెండు రోజులైంది. జ్వరం మొదలయ్యాక కళ్లు తెరవడం కూడా మానేశాడు. రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందు పచ్చికకు ఏళ్ల తరబడి నీళ్లు పట్టిన మనిషి. అరికాళ్ల పగుళ్లలో ఆ మట్టి ఇంకా ఉంది.

మంచం కాళ్ల దగ్గర వేలాడే కాగితంలో ఎనిమిది గంటల గడిలో ‘ఎడమ’ అని రాసి సంతకం పెట్టింది. మంచం దిగలేని రోగికి రెండు గంటలకోసారి పక్క మార్చాలి, మార్చినట్టు రాయాలి. నర్సింగ్ స్కూల్లో మొదటి నెలలో నేర్పే పాఠం.

కళ్యాణికి నలభై ఆరేళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఈ ఆసుపత్రే. నానక్‌రామ్‌గూడ నుంచి షేర్ ఆటోలో ఒళ్లో సంచి పెట్టుకుని వస్తుంది. అద్దాల భవనాల్లోకి వెళ్లే పిల్లలు మెడలో తాళ్ల కార్డులు ఊపుకుంటూ ఆమెకు రెండు వైపులా కూర్చుంటారు. చేతులు రోజుకు యాభైసార్లు కడిగి కడిగి వేళ్ల మొదళ్లలో చర్మం చిట్లింది. మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వవు. పెద్ద నర్సమ్మ అని ఎవరూ పిలవలేదు, పదోన్నతి ఏదీ రాలేదు. ఆమె వేసిన సూది నొప్పి పుట్టదని మాత్రం రోగులు ఒకరికొకరు చెప్పుకునేవారు.

వార్డులో ఇరవై రెండు మంచాలు. ఒకప్పుడు షిఫ్టుకు నలుగురు నర్సులు. ఇప్పుడు ఇద్దరు, ఆదివారమైతే ఒక్కరే. మొన్న ఆదివారం పగలు ఆమె ఒక్కతే. మూడో మంచం మనిషి రక్తం కక్కుకున్నాడు. అతన్ని ఐసీయూకి చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. తొమ్మిదో మంచం మీది లింగమూర్తి కాగితంలో వరుసగా నాలుగు గడులు ఖాళీగా మిగిలాయి. ఆ రాత్రి డ్యూటీ నర్సు సౌజన్య కూడా ఒక్కతే. కానీ ఆమె గడులన్నీ నిండాయి, ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒక్క ఊపున రాసినట్టు.

సౌజన్యను కళ్యాణి తప్పుపట్టలేదు. తానూ అలా నింపిన మనిషే. ఏడేళ్ల కిందట ఒక ముసలామెకు బీపీ కొలవకుండానే నూట ఇరవై అని రాసింది. రాసేటప్పటికే ఆమె పోయి పావుగంట అయిందని తర్వాత తెలిసింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే కళ్యాణిని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటి నుంచి చేయనిది రాయలేదు.

లింగమూర్తి భార్య సీతాబాయి గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చింది.

“సిస్టర్, షుగర్ వల్ల పుండు అయిందని డాక్టర్ సారు అంటుండు. ఈయనకు షుగరే లేదు గద?”

కళ్యాణి చేతి తొడుగులు విప్పి బుట్టలో వేసింది. “షుగర్ కాదమ్మా. ఆదివారం పొద్దంత ఒక్క తీరునే పండబెట్టినం. తిప్పలే. నేనే ఉన్న ఆ దినం.”

సీతాబాయి కోప్పడలేదు. భర్త ముఖం వంక చాలాసేపు చూసింది.

“నువ్వు ఉరుకుతుంటివి, చూసిన. నాకు ఒక్క మాట చెప్పకపోతివి. నేను తిప్పకపోదునా?”

బంధువులు రోగిని ముట్టుకోకూడదన్నది వార్డు నియమం. ఆదివారం సీతాబాయి మంచం పక్కనే, చేతులు ఒళ్లో పెట్టుకుని, రోజంతా కూర్చుంది. ఆ సంగతి కళ్యాణికి ఇప్పుడే కొత్తగా తెలిసినట్టయింది.

పదకొండు గంటలకు నర్సింగ్ సూపరింటెండెంట్ హరిత పిలిచింది. బల్ల మీద కొత్త కాగితం సిద్ధంగా ఉంది.

“ఆదివారం చార్ట్ మళ్లీ రాసివ్వండి కళ్యాణి గారూ. వచ్చేవారం ఇన్‌స్పెక్షన్ ఉంది.”

“తిప్పలే మేడం. తిప్పినట్టు ఎట్ల రాయాలె?”

“తిప్పారా లేదా అని కాదండీ. పేపర్లో ఖాళీ ఉంటే నెగ్లిజెన్స్ మీ మీదే పడుతుంది. మిమ్మల్ని కాపాడదామనే చెప్తున్నాను.”

“ఇరవై రెండు మందికి ఒక్క నర్సు అని గూడ దాంట్ల రాయుండ్రి.”

“అది నా చేతిలో లేదండీ,” అంది హరిత. అబద్ధం కాదు. ఆమె కూడా అలసిపోయి ఉంది.

కళ్యాణి పెన్ను తీసుకుంది. నాలుగు గడులు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఇంట్లో ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్న కూతురు పింకీ గుర్తొచ్చింది. ఈ వయసులో ఇంకో ఆసుపత్రి గడప ఎక్కి నిలబడటం గుర్తొచ్చింది. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టింది.

“నాతోని కాదు మేడం.”

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు చేతికొచ్చింది. రోగి సంరక్షణలో నిర్లక్ష్యం, ఈ రోజు నుంచే విధుల నుంచి తొలగింపు. పంతొమ్మిదేళ్లకు నాలుగు వాక్యాలు. బయట నోటీసు బోర్డు మీద ఆ నెల ఉత్తమ నర్సుగా సౌజన్య ఫోటో ఉంది. కింద, రికార్డుల నిర్వహణలో నూటికి నూరు శాతం అని రాసి ఉంది.

రెండు గంటలకు కళ్యాణి మళ్లీ తొమ్మిదో మంచం దగ్గరికొచ్చింది. తెర లాగి సీతాబాయిని పిలిచింది.

“ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద. గుంజొద్దు, తోలు లేస్తది. జర నీ దిక్కు దొర్లియ్యాలె, అంతే.”

ఇద్దరూ కలిసి కుడి పక్కకు తిప్పారు. సీతాబాయి పట్టు తప్పలేదు.

“మళ్ల నాలుగింటికి ఎడమకు తిప్పు. ఎవ్వరన్నా వద్దంటే, కళ్యాణి చెప్పిందని చెప్పు.”

“టైమ్ నాకెట్ల తెలుస్తది?”

కళ్యాణి ఛాతీకి పెట్టుకున్న చిన్న గడియారం పిన్ను తీసి చూపించింది. “చిన్న ముల్లు నాలుగు మీదికి, పెద్దది నిటారు పైకి.” సీతాబాయికి కనబడేలా దాన్ని బల్ల మీద పెట్టి, తన ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చింది.

లిఫ్టు దగ్గర, అప్పుడే డ్యూటీకి వచ్చిన సౌజన్య ఎదురైంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“అక్కా, నేను...”

“నీదేం తప్పు లేదు. తొమ్మిదో నంబరును జర చూస్కో.”

“ఇరవై రెండు మంది అక్కా,” అంది సౌజన్య నేల చూస్తూ.

కళ్యాణి ఇల్లు చేరి, చేతులు కడుక్కుని, పింకీకి ఏమీ చెప్పకుండా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆరు కావస్తుండగా ఫోన్ మోగింది. సీతాబాయి.

“నాలుగింటికి తిప్పిన సిస్టర్. నువ్వు చూపిచ్చినట్లే, నేనొక్కదాన్నే. ఐదు దాటినంక పాణం పోయింది. ఊకెనే పోయిండు.”

కళ్యాణి పొయ్యి ఆపేసింది.

“నీ గడియారం ఆడనే మర్సిన సిస్టర్. పరేషాన్ల తెలువలే. నన్ను కిందికి తోల్కపోయిండ్రు, మల్ల మీదికి రానిస్తలేరు.”

“పోనీయమ్మా,” అంది కళ్యాణి.

తొమ్మిదో మంచానికి అప్పటికే ఉతికిన దుప్పటి పరిచి ఉంటారు. పక్కన బల్ల మీద, నీళ్ల సీసాకు ఆనించి, అంకెలు సీతాబాయి కూర్చున్న కుర్చీ వైపు తిరిగి ఉండేలా నిలబెట్టిన గడియారం.