బుధవారం సీటు

లంబాలైన్‌లో మా డాబా ఎక్కితే ఎయిర్‌పోర్టు గోడ కనిపిస్తుంది. అక్కడ హెలికాప్టర్ ఎక్కితే మా దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ గంట, మహా అయితే గంటన్నర. అదే రోడ్డు మీదైతే రోజంతా పోతుంది. తెల్లవారకముందే జిర్కాటాంగ్ గేటు దగ్గర, బళ్ళన్నిటినీ ఒక్క వరసలో అడవి దాటించే కాన్వాయ్ లైన్లో బండి పెట్టాలి, మధ్యలో పంటు మీదెక్కించి నీళ్ళు దాటించాలి, ఆపైన గుంతలు. డిగ్లీపూర్‌లో ఉన్న మా అక్క తవిటమ్మను చూడ్డానికి ఎందుకు వెళ్ళలేదని ఎవరడిగినా ఈ లెక్కంతా అప్పజెప్పేవాణ్ణి.

ఆమెకు లివరు చెడిపోయింది. డాక్టర్లు చేతులెత్తేశాక ఇంటికి తెచ్చేశారు. సోమవారం ఫోన్ చేసి, ఒక్కసారి వచ్చి కనపడమంది. నా నడుం రోడ్డు ప్రయాణానికి ఓర్చుకోదని హెలికాప్టర్‌కి పేరు రాయించాను. నిజం చెప్పాలంటే, సీటు ఎలాగూ రాదన్న ధైర్యంతోనే రాయించాను. కానీ మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రేపు పొద్దున ఒక సీటుంది, వెళ్తారా అని.

బుధవారం ప్రోతరాపూర్‌లో నేను కట్టిస్తున్న ఇంటికి స్లాబు. మేస్త్రీ ఉన్నాడు, కూలీలున్నారు, నేను లేకపోతే ఆగేదేమీ కాదు. అయినా నా కళ్ళముందు పడకపోతే నాకు నిద్ర పట్టదు. సీటు ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను. అక్కకి మాత్రం దొరకలేదని చెప్పాను. నోరు తడబడనైనా లేదు.

బుధవారం సాయంత్రం ఆమే మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు బాగా నీరసంగా ఉంది.

"సీటు దొరక్కపోతే నువ్వేటి చేస్తావురా పోలిరాజూ. రోడ్డంట మాత్రం రాకు, నీ నడుం ఊరుకోదు."

హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని మనిషిని, దాచడం దేనికి.

గురువారం సాయంత్రం ఆమె పోయింది. మావాళ్ళలో ముత్తైదువ పోతే పుట్టింటి చీర కప్పందే పాడె లేవదు. పుట్టింట్లో మిగిలింది నేనొక్కణ్ణే. ఎంతసేపైనా ఆగుతామని మేనకోడలు ప్రమోద ఫోన్లో ఏడ్చింది. శుక్రవారం మొదటి కాన్వాయ్‌లో, అంచులకు పసుపు రాసిన చీర ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. గుంతల్లో నడుం కలుక్కుమన్నప్పుడల్లా, బాగా అయింది నీకు అనుకున్నాను.

చేరేసరికి నాలుగు దాటింది. జెట్టీ నుంచి చేపల ఐసు తెచ్చి ఆమె చుట్టూ పేర్చి ఉంచారు. గుమ్మంలో అక్కా వాళ్ళ పక్కింటి కన్నారావు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పాపం, వాడి మనసులో ఏమీ లేదు.

"నువ్వొదిలేసిన సీటే నాకిచ్చినారు భయ్యా. ఆఫీసోలు చెప్పినారు. బుధవారం పొద్దున్న దిగినెంటనే దీదీకి చెప్పీసినాను, నీ తమ్ముడి మెహర్బానీ అని. నవ్వింది."

ఆమె నాకు ఫోన్ చేసింది ఆ సాయంత్రం. అంటే అంతా తెలిసే చేసింది. నేను సిగ్గుపడకూడదని, నా అబద్ధాన్ని తన నోటితో నిజం చేసిపెట్టింది. చావుబతుకుల్లో ఉండి కూడా నా నడుం గురించే ఆలోచించింది.

చీర కప్పి, ముఖం దగ్గర అంచు సర్దుతున్నాను. ప్రమోద నా భుజం మీద తల పెట్టి, చుట్టూ ఉన్న అందరికీ వినబడేలా అంది.

"అమ్మ రోడ్డంట రావద్దన్నాది. సీటు దొరక్కపోయినా అంత దూరం వొచ్చినావు మావయ్యా."

సీటు దొరికిందమ్మా, నేనే రాలేదు అని చెప్పాలి. అక్క ముఖం నా చేతికింద చల్లగా తగులుతోంది.

"అవునమ్మా," అన్నాను.