మూడో కుర్చీ కింద టైలు

మా ఆవిడ పోయిన రోజున నాకంటే ముందు ఏడ్చినవాడు టకటక మాస్టారు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆమె ముఖం చూశాడు. రెండు చేతులతో కళ్ళు మూసుకుని బావురుమన్నాడు. అప్పటికి నా కంట చుక్క రాలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళంతా వాడి వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. ఆ చూపు నేను మరిచిపోలేదు. పదకొండు నెలలయింది. వాణ్ణి క్షమించలేదు.

టకటక మాస్టారని పేరు పెట్టింది నేనే. బ్యాంకులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఎక్కడో నేర్చుకుని వచ్చి, ఒక మేడ మీద హాలు తీసుకుని, మంగళ శుక్రవారాల సాయంత్రం ట్యాపింగ్ క్లాసు మొదలుపెట్టాడు. వేళ్ళ కొసలతో ముఖం మీద, ఛాతీ మీద తట్టుకోవాలి. తట్టుకుంటూ లోపల గుచ్చుకుంటున్నదేదో పైకి అనాలి. అంతే ఆ విద్య. దానితో బాధ తేలికవుతుందట, మనిషి ఎదుగుతాడట.

మా ఆవిడ రెండేళ్ళు వెళ్ళింది. నన్ను అడగలేదు, "వెళ్తున్నా" అంది. "వెళ్ళు" అన్నాను. అక్కడేం చేస్తారని నేనూ అడగలేదు. వంట చేస్తూ చేస్తూ ఆగి, కంఠం కింద ఎముక మీద రెండు వేళ్ళతో తట్టుకునేది. దురద అనుకున్నాను. ఒక రోజు గుండె ఆగి పోయింది. ఆ తర్వాత తెలిసింది అది దురద కాదని.

నేను టైల్స్ మేస్త్రిని. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే పని. నేల పరవడం ఎవరికైనా వస్తుంది. వినడం రాదు. పరిచిన మర్నాడు ఒక్కో టైలునీ తాపీ పిడితో తట్టి చూడాలి. కింద సిమెంటు నిండుగా ఉంటే ఒక చప్పుడు. ఖాళీ ఉంటే డొల్లగా మోగుతుంది. తేడా వెంట్రుకవాసి. అందుకే నేను తట్టేటప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడబోతే ఎడమ అరచెయ్యి ఎత్తుతాను. నా పనివాళ్ళకు అది తెలుసు. ఇంటి యజమానులకు మొదటి రోజే తెలిసిపోతుంది.

మూడు నెలల కింద మా మరదలు వచ్చింది. మా ఆవిడ చెల్లెలు. బట్టలు కుడుతుంది. ఆమె కూడా ఆ క్లాసుకు పోతుంది.

"బావా, మాస్టారి హాల్లో టైల్స్ లేచిపోయాయి. నిన్ను రమ్మన్నారు."

"ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికారు. కానీ 'మా ఆయన వేస్తే నేల కదలదు' అని అక్క చెప్పిందట. నువ్వే కావాలని కూర్చున్నారు."

"మీ అక్క నా గురించి అక్కడ చెప్పేదా?"

"నీ పని గురించి చెప్పేది. ముఖం అలా పెట్టకు. నిన్ను చూస్తే పాలు విరుగుతాయి. వస్తావా, రావా?"

వెళ్ళాను. నేల కోసం కాదు. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాతో చెప్పనిదేదో నా భార్య ఆ గదిలో చెప్పుకుంది. అదేమిటో నాకు తెలియాలి. నా మీద ఫిర్యాదే అయ్యుంటుంది. అయితే అవనీ. నా మీద ఫిర్యాదు నాకు దక్కాలి. వాడికెందుకు దక్కాలి?

హాలు పెద్దదేం కాదు. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ట్యూబ్‌లైట్లు, మూలన నీళ్ళ క్యాను. కిటికీ కింద బళ్ళు బాగుచేసే షెడ్డు. నేలలో సగం డొల్ల. ఎవడో సిమెంటు నాలుగు మూలలా ముద్దలు పెట్టి, పైన టైలు అతికించి చేతులు దులుపుకున్నాడు. రెండు రోజుల్లో తేలిపోయే పని. నేను వారం చెప్పాను. క్లాసు ఆపక్కర్లేదు, సగం హాల్లో మీరు కూర్చోండి, సగంలో నేను చేసుకుంటాను అన్నాను. మాస్టారు సంతోషించాడు. వెర్రివాడు.

మంగళవారం చూశాను వాళ్ళ భాగోతం. తొమ్మిది మంది వచ్చారు. చేతి అంచు మీద తట్టుకుంటూ ఎవరి వాక్యం వాళ్ళు అన్నారు. నాకు దగ్గరగా కూర్చున్నవాడు బస్సు డ్రైవరు.

"వంతెన ఎక్కితే కాళ్ళు చచ్చుబడుతున్నా, నన్ను నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను."

అదీ వరస. ముందు సగంలో బాధ, వెనక సగంలో ఒప్పుకోవడం. మూడుసార్లు అన్నాక కనుబొమ్మ, కంటి కొస, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, కంఠం కింద ఎముక, చంక కింద, నడినెత్తి. అందరూ ఒక్కసారిగా తట్టుకుంటుంటే రేకు మీద చినుకులు పడ్డట్టుంది.

"భయం పదికి ఎంత ఉంది?" అని మాస్టారు అడిగాడు.

"ఆరు."

"పోయిన వారం ఎనిమిది కదా. ఆ రెండూ ఏమయ్యాయి?"

"వంతెన మీంచి కిందకి దూకేశాయి సార్."

అందరూ నవ్వారు. డ్రైవరు నా వైపు తిరిగాడు. "మేస్త్రి గారూ, మీరు టైల్స్‌ని కొడతారు, మేం మొహాల్ని కొట్టుకుంటాం. పిచ్చి ఎవరికంటారు?"

"టైల్స్ నన్ను ఎదురు ప్రశ్నలు అడగవు" అన్నాను.

దానికీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మందుల షాపు ఆవిడ ఒకామె ఉంది. నోరు ఆగదు. లేచి నా దగ్గరకొచ్చి, కిటికీ పక్కన మూడో కుర్చీ చూపించింది. "మీ ఆవిడ చోటు అదేనండీ. ఇంకెవరం కూర్చోం. ఆవిడ నవ్విందంటే కింద షెడ్డులో మెకానిక్కులు తలెత్తి చూడాల్సిందే."

నా ఇంట్లో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు పక్క గదికి కూడా వచ్చేది కాదు. ఇక్కడ మెకానిక్కులకు వినబడింది. మందుల షాపుకు వినబడింది. బస్సు డ్రైవరుకు వినబడింది. కుళ్ళు ఒక్కడి మీద ఉంటే మొయ్యగలను. ఆ రోజు నుంచి తొమ్మిది మంది మీద, ఆ షెడ్డు మీద కూడా వచ్చింది.

అందరూ వెళ్ళాక మాస్టారిని పట్టుకున్నాను.

"మా ఆవిడ ఏం చెప్పుకునేది?"

వాడు కుర్చీలు సర్దుతున్నాడు. ఆగాడు. "ఇక్కడ అన్నది ఇక్కడే ఉండాలి మేస్త్రి గారూ. అది మా కట్టుబాటు."

"నేను ఆమె మొగుణ్ణి."

"తెలుసు. మీతో చెప్పాలనుకుంటే ఇంట్లోనే చెప్పేవారు కదా."

మెత్తగానే అన్నాడు. తాపీ అంచు తగిలినట్టయింది.

"మనిషే లేదు. ఇంక ఎవరి కోసం దాస్తారు?"

"అందుకే దాచాలి. వద్దని చెప్పడానికి ఆవిడ లేరు." కాసేపు నా ముఖం చూశాడు. "మీకు పదికి ఎంత ఉంది?"

"ఏది?"

"ఆ మంట."

"పన్నెండు" అని సంచీ తీసుకుని వచ్చేశాను.

శుక్రవారానికి ఒక్క టైలు మిగిలింది. మూడో కుర్చీ కిందది. తట్టి చూశాను, డొల్లే. కావాలనే వదిలేశాను. అది అయిపోతే నాకు ఆ గదిలో పని లేదు. మాస్టారు అడిగితే సిమెంటు ఆరాలి, గాలి ఆడాలి అని నోటికొచ్చింది చెప్పాను. వాడికి తెలియదు. మరదలికి తెలుసు. మా ఇంట్లో చిన్నప్పటినుంచి తిరిగిన మనిషి.

క్లాసుకు అరగంట ముందే వచ్చింది. చెప్పు మడమతో ఆ టైలును తట్టింది.

"ఇది డొల్ల. నాకే తెలుస్తోంది. ఎందుకు సాగదీస్తున్నావు బావా?"

"నా పని నాకు నేర్పకు."

"పని కోసం కాదు నువ్వొచ్చింది. అక్క ఏమందో కూపీ లాగడానికి వచ్చావు. మాస్టారు చెప్పరు. ఆయన్ని చూస్తే నువ్వు కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నావు, పాపం ఆయన ఇంకా నీకు టీ తెప్పిస్తున్నారు."

"మీ అక్క పోతే వాడెందుకు ఏడ్చాడు? వాడికేం హక్కు?"

"వాళ్ళావిడ పోయినప్పుడు ఆయనకు ఏడుపే రాలేదట. రెండేళ్ళు రాలేదట. ఈ కుర్చీలో కూర్చుని ఏడవమని నేర్పింది అక్కే. అందుకని ఏడ్చారు. చాలా?"

చాలలేదు. ఇంకా మండింది. ఆమె వాడికి ఏడవడం నేర్పింది. నాకు నేర్పలేదు.

"నా మీద ఏం చాడీలు చెప్పిందో అది చెప్పు" అన్నాను.

మరదలు నన్ను వింతగా చూసింది. "నీ మీదా? నీ గురించి ఒక్క ముక్క లేదు బావా."

ఆ మాటకు నేను సిద్ధంగా లేను. తిడితే పడదామని వచ్చినవాణ్ణి. అసలు నేను లేను.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గింది. "నాకంటే ముందు అక్కకు ఇంకో చెల్లి ఉండేది. ఐదేళ్ళది. నేనింకా పుట్టలేదు. అక్కకు తొమ్మిదేళ్ళు. దాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతోంది. అరచేతికి చెమట పట్టింది. వదిలి, గౌనుకు తుడుచుకుంది. అంతే. లారీ వచ్చేసింది. మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్ళు కాదు. నాకే ఇక్కడికొచ్చాక తెలిసింది. 'చెమట పట్టి చెయ్యి వదిలేసినా, నన్ను నేను ఒప్పుకుంటున్నాను.' రెండేళ్ళూ అదే అంది. మొదట పదికి పది. పోయే ముందు వారం ఒకటి అంది."

తన అరచెయ్యి చూసుకుంది. "విన్న రోజు నాకూ కుళ్ళొచ్చింది బావా. చిన్నప్పుడు రోడ్డు మీద నా చెయ్యి ఎముకలు విరిగేలా పట్టుకునేది. నా మీద ప్రేమ అనుకున్నాను. పట్టుకుంది దాని చెయ్యి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయిందటగా. పెళ్ళయిన కొత్తలో. నువ్వు చెయ్యి అడ్డం పెట్టావట. ఆయనకు ఇలాంటివి వినడం ఇష్టం ఉండదు, ఆయన తీరంతే అనేది. నిన్ను ఎప్పుడూ తప్పు పట్టలేదు."

నాకు గుర్తుకు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మా ఇంటి వెనక గది. నేల నేనే పరిచాను. మర్నాడు మోకాళ్ళ మీద కూర్చుని తట్టుకుంటూ వస్తున్నాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది. "నాకు ఇంకో చెల్లి ఉండేది" అంది. అప్పుడే ఒక టైలు అనుమానంగా మోగింది. అరచెయ్యి ఎత్తాను. ఆమె ఆగింది. ఆ టైలు మీద సుద్దతో గుర్తు పెట్టాను. వరస పూర్తిచేశాను. చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. ఏదో అనబోయావు, ఏమిటది అని అడగలేదు. ఆ రోజు అడగలేదు, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ రోజూ అడగలేదు. టైలు వినడానికే ఎత్తానని ఇప్పుడు ఎవరికి చెప్పుకోను? చెప్పినా అది సాకు.

దాచకుండా రాస్తున్నాను. నాకు ముందు జాలి రాలేదు. కుళ్ళే వచ్చింది. ఐదేళ్ళ పిల్ల మీద. మంగళవారం, శుక్రవారం, మా ఆవిడ నోట్లో అదే ఉంది. నా మీద కోపానికి కూడా అక్కడ చోటు లేదు.

ఆ సాయంత్రమే ఆ టైలు లేపాను. కింద పాత సిమెంటు గీకి, నిండుగా వేసి, రసమట్టం పెట్టి పరిచాను. మంగళవారం తట్టి చూడటానికి వచ్చేసరికి అందరూ వచ్చి ఉన్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చోగానే డ్రైవరు నోటి మీద వేలు పెట్టాడు. "ష్. మేస్త్రి గారు వింటున్నారు." హాలంతా సద్దుమణిగింది. తాపీ తిప్పి పట్టుకున్నాను. మందుల షాపు ఆవిడ "ఏవండీ..." అంది.

నా ఎడమ చెయ్యి లేచింది. నేను ఎత్తలేదు, అదే లేచింది. ఆమె నోరు మూసుకుంది.

గాలిలో నా అరచెయ్యి నాకే కనబడింది. దించాను.

"చెప్పండమ్మా."

"ఏం లేదులెండి. మీ పని కానివ్వండి, తర్వాత చెప్తా."

"ఇప్పుడే చెప్పండి. టైలు ఎక్కడికీ పోదు."

ఆమె మాస్టారి వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. "ఆ కుర్చీ మళ్ళీ అక్కడే వెయ్యాలా, తీసెయ్యాలా అని."

నేను టైలును తట్టాను. నిండుగా మోగింది. లేచి, గోడ వారన ఉన్న ఆ కుర్చీ తెచ్చి దాని మీద వేశాను. వేసి కూర్చున్నాను. మరదలు కిటికీ వైపు తిరిగింది.

"చేతి అంచు" అన్నారు మాస్టారు.

తట్టుకున్నాను. సిమెంటుతో కాయలు కాసిన చేతులు, చప్పుడు గట్టిగా వచ్చింది. అందరూ ఎవరి వాక్యం వాళ్ళు అన్నారు. నా వంతు వచ్చింది.

"నా భార్య చెప్పబోతుంటే చెయ్యెత్తినా..."

అక్కడ ఆగాను. వెనక సగం ఏమిటో నాకు తెలుసు. వారం రోజులు విన్నాను. అది నోట రాలేదు. మాస్టారు ఎదురుచూశారు. అందించలేదు. అందించి ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి.

"పదికి ఎంత?" అన్నారు చివర్లో.

"పది."

"సరే. శుక్రవారం చూద్దాం."

నేల పని అయిపోయి రెండు నెలలయింది. ఇంకా వెళ్తున్నాను. ఆయన ఆ రోజు నాకంటే ముందు ఏడవడం నాకు ఇప్పటికీ నచ్చలేదు. వెనక సగం ఇప్పటికీ అనలేదు. ముందు సగం మాత్రం మూడుసార్లూ అంటాను. గట్టిగా అంటాను. కింద షెడ్డులో మెకానిక్కులు తలెత్తి చూస్తారు.